కుడికాలి మీద విచారణ

కారు ఆరోగ్యంగా ఉందని వచ్చే మార్చి ముప్ఫై ఒకటి దాకా చెల్లే కాగితం ఉంది. గుండ్రటి ముద్ర, పచ్చ సిరా సంతకం, అన్నీ ఉన్నాయి. కోటేశ్వరి కుడికాలికి అలాంటి కాగితం ఏదీ లేదు. అందుకని, మహిళా చోదక శిక్షణ కేంద్రం ఆవరణలో కారు గుయ్యిమని అరిచి, దూడలా ఒక్క గెంతు గెంతి, సంచాలకుల వారి గది ముందున్న క్రోటన్ కుండీని పడగొట్టినప్పుడు, తప్పెవరిదో తేల్చడానికి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పని లేకపోయింది.

సంచాలకులు చక్రధరరావు గారు బయటికొచ్చారు. ముందు కుండీని చూశారు. తర్వాత కారు కిటికీలోకి వంగి, "ఎవరిదా కాలు?" అని అడిగారు.

"నాదే సార్" అంది కోటేశ్వరి. ఇంజను ఇంకా అరుస్తూనే ఉంది.

"కాలు తియ్యి."

"తీశాను సార్."

"పూర్తిగా తియ్యి!"

"ఇంకా తీయాలంటే కత్తి తేవాలి సార్" అంది వెనక సీట్లోంచి ఎస్తేరు. కోటేశ్వరితో కలిపి బండి నేర్చుకుంటున్న పదిమందిలో నోరున్నది ఆ పిల్లే. మిగతా తొమ్మిదిమందికీ అవసరాలున్నాయి. ఎస్తేరుకు అవసరమూ ఉంది, నోరూ ఉంది.

నిజానికి కోటేశ్వరి కుడికాలు ఆ సమయంలో ఏ పెడలు మీదా లేదు. భయంతో సీటు మీదికి ముడుచుకుపోయి ఉంది. శిక్షకుడు మస్తాన్‌వలీ గారు పక్కనుంచి చెయ్యి చాపి తాళం తిప్పితే అప్పుడు ఆగింది బండి.

ఆ కాలి వెనకాల ఒక కుటుంబం ఉంది. కోటేశ్వరి తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసింది. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు, చంకలో తొమ్మిది నెలల లాస్య. ఊళ్ళకు టీకాలు మోసే బండ్లకు ఆడ డ్రైవర్లు కావాలనీ, ఎనిమిది పాసయితే చాలనీ ప్రకటన పడింది. పుట్టి బుద్ధెరిగాక తనకు సరిపోయిన ఉద్యోగం ప్రకటన కోటేశ్వరి అదొక్కటే చూసింది. ఆ కాగితాన్ని కత్తిరించి బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అంటించుకుంది. ఈ నెల ఇరవై ఎనిమిదిన బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పరీక్ష పెడతారు. పాసైతే బండి. కాకపోతే మళ్ళీ బియ్యం డబ్బా.

ఆమెకు బండ్ల గురించి తెలిసింది తక్కువే. కానీ చెవి మాత్రం చంటిపిల్ల తల్లి చెవి. లాస్య ఏడుపులో ఆకలి ఏడుపేదో, నిద్ర ఏడుపేదో, కడుపునొప్పి ఏడుపేదో వంటింట్లోంచే చెప్పేస్తుంది. పిల్ల ఏడవకపోతే ఎందుకేడవడం లేదోనని ఇంకో భయం, అది వేరే సంగతి. అలాంటి చెవితో విని, ఈ బండిది ఆకలి ఏడుపు కాదనీ, ఏదో గుచ్చుకున్న ఏడుపనీ ఆమె అది అరిచిన మొదటిరోజే అనుకుంది.

"మస్తాన్ గారూ, దసరాకు ముందు ఇట్టా అరిచేది కాదు కదండీ?"

"అరిచేది కాదు తల్లీ."

"మరి మన కాళ్ళు దసరాకు ముందూ ఇయ్యే కదండీ?"

మస్తాన్‌వలీ గారు అటూ ఇటూ చూసి, "ఆ మాట నువ్వన్నావు, నేను వినలా" అన్నారు. ఆయనకింకా రెండేళ్ళ సర్వీసు ఉంది.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. నోటీసు బోర్డు మీద అంటించి, అందరిచేతా సంతకాలు తీసుకున్నారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సదరు వాహనము ఆరోగ్యవంతమైనదని ధ్రువపత్రము కలదు. ఆరోగ్యవంతమైన వాహనము అకారణముగా అరవజాలదు. కావున సదరు అరుపు సదరు వాహనమును తొక్కిన పాదమునకు చెందినదిగా భావించవలెను. శిక్షణార్థుల కుడి పాదములను శాస్త్రీయముగా పరిశీలించుటకు పాద పరిశీలన సంఘము ఏర్పాటు చేయడమైనది."

సంఘంలో ముగ్గురు సభ్యులు. అధ్యక్షులు చక్రధరరావు గారు, సభ్యులు చక్రధరరావు గారి గుమాస్తా, ప్రత్యేక ఆహ్వానితులు చక్రధరరావు గారు.

శాస్త్రీయం అన్నాక తూకం ఉండాలి. తూకానికి త్రాసు కావాలి. పక్కవీధి అంగన్‌వాడీ నుంచి చంటిపిల్లల్ని గుడ్డ ఉయ్యాల్లో వేసి తూచే వేలాడే త్రాసు తెప్పించి, షెడ్డు దూలానికి కట్టారు. ఒక్కొక్కరూ ఎడంకాలి మీద నిలబడి, కుడికాలిని ఆ ఉయ్యాల్లో పెట్టాలి. గుమాస్తా ముల్లు చూసి బరువు రాస్తాడు.

కోటేశ్వరి వంతు వచ్చింది. పోయిన బుధవారమే ఆ ఉయ్యాల్లో లాస్య కాళ్ళు తన్నుకుంటూ కూర్చుంది. ఇప్పుడు తల్లి కాలు కూర్చుంది. ఒంటికాలి మీద నిలబడినామె తూలకుండా ఉండాలంటే ఉయ్యాల్లోని కాలిని కాస్త అదిమిపెట్టక తప్పదు. ఎంత అదిమితే అంత బరువు.

"ఆరు కిలోల రెండొందలు" అన్నాడు గుమాస్తా.

"అబ్బో! నీ కూతురి కన్నా నీ కాలే ఇంకో అరకిలో బరువు తూగిందిగా, పోటీ బాగానే ఉంది" అంది ఎస్తేరు.

"సార్, ఇంకొకసారి తూచండి సార్, ఈసారి గోడ పట్టుకుని నిలబడతాను."

"గోడ సంఘంలో సభ్యురాలు కాదమ్మా" అన్నారు చక్రధరరావు గారు.

అంగన్‌వాడీ నుంచే పిల్లల బరువు రాసే కార్డులు కూడా తెచ్చారు, పచ్చ గీత, పసుపు గీత, ఎర్ర గీత ఉన్నవి. కోటేశ్వరి కాలు ఎర్ర గీత మీద పడింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. పిల్ల కార్డులో బరువు తక్కువని ఎర్ర గీత. అమ్మ కాలి కార్డులో బరువు ఎక్కువని ఎర్ర గీత. పిల్లకు రోజూ ఒక గుడ్డు పెట్టమని రాశారు. అమ్మ కాలికి వారం పాటు అన్నం తగ్గించమని రాశారు.

కోటేశ్వరి అన్నం తగ్గించింది. పాలు తగ్గాయి. పిల్ల ఏడ్చింది. బండి మాత్రం అంతే అరిచింది.

అప్పుడు సంఘం రెండోసారి సమావేశమై, పాదం బరువులో ఆభరణాల వాటా ఎంత అన్న కోణంలో ఆలోచించింది. ఫలితంగా, శిక్షణార్థులు వాహనం ఎక్కేముందు కాలి పట్టీలూ మెట్టెలూ తీసివేయవలెననీ, దిగిన పిమ్మట తొడుక్కొనవచ్చుననీ రెండో ఉత్తర్వు వచ్చింది.

ఆ మాట విని కోటేశ్వరి అత్తగారు ఆదెమ్మ చంకలో పిల్లతోనే లేచి నిలబడింది.

"మొగుడు గుండ్రాయిలా తిరుగుతుంటే మెట్టెలు తీయమన్నాడా ఆయన? ముందు వాళ్ళావిడ చేత తీయించమను. అప్పుడు చూద్దాం, ఆయన అరవడం తగ్గుద్దో లేదో!"

"ఊరుకో అత్తా, ఇరవై ఎనిమిది దాకానే."

"ఇరవై ఎనిమిది దాకా నా కొడుక్కేమన్నా అయితే?"

కోటేశ్వరికి అసలే లేనిపోని భయాలు. ఇప్పుడు వాటికి ఇదొకటి తోడైంది. బండెక్కేటప్పుడు మెట్టెలు తీసి రుమాల్లో ముడేసి గుప్పిట్లో పెట్టుకునేది. ఆ గుప్పిటితోనే స్టీరింగు తిప్పేది. దిగగానే తొడుక్కుని, మొగుడికి ఫోను చేసి, "ఏం లేదు, బాగానే ఉన్నావా?" అని అడిగి పెట్టేసేది. గోడలకు రంగులేసే ఆ మనిషి నిచ్చెన మీద రోజుకు రెండుసార్లు ఉలిక్కిపడేవాడు.

మెట్టెలు తీసినా బండి అరిచింది. ఎస్తేరుకు అసలు మెట్టెలే లేవు, వాళ్ళింట్లో పెట్టుకోరు. ఆమె నడిపినా అరిచింది. ఇది సంఘానికి కొంచెం ఇబ్బందిగా తోచింది.

"నీకు మెట్టెలు లేవు కదా, మరెందుకు అరుస్తోంది?" అన్నారు చక్రధరరావు గారు, ఆమెదే తప్పన్నట్టు.

"నేనూ అదే అడుగుతున్నా సార్."

"నువ్వు అడగకూడదు. సంఘం అడుగుతుంది."

ఇక లాభం లేదని ఒకరోజు మస్తాన్‌వలీ గారే ఒక ప్రయోగం చేశారు. కారును షెడ్డు ముందు ఖాళీగా నిలబెట్టారు. గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, అందర్నీ చుట్టూ నిలబెట్టి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పారు. లోపల మనిషి లేడు. కాలు లేదు. మెట్టె లేదు. బండి గుయ్యిమంది. ఇంజను వేగం చూపే గుండ్రటి అద్దంలోని సూది పైకి లేచి అక్కడే నిలబడింది, దిగలేదు.

అందరూ చక్రధరరావు గారి వైపు చూశారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"ఇప్పుడు ఇందులో ఏ పాదమూ లేదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఇంతకుముందు, పదిన్నరకి, ఇందులో ఎవరున్నారు? రిజిస్టరు చూడండి."

"కోటేశ్వరి సార్" అన్నాడు గుమాస్తా.

"చూశారా! పొయ్యి ఆపేసినా గిన్నె వేడిగానే ఉంటుందా, ఉండదా? దీన్నే అవశేష పాద ప్రభావం అంటారు."

"ఎవరంటారు సార్?" అంది ఎస్తేరు.

"ఈ రోజు నుంచి మేమంటాము. రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు. ఎర్ర గీత కాళ్ళవాళ్ళను పరీక్షకు అనుమతించే ముందు సంఘం తుది నిర్ణయం తీసుకుంటుందనీ, ఒకసారి అనర్హమని రాస్తే ఆ పాదం జన్మలో మరే వాహనానికీ పనికిరాదనీ కూడా రాసుకున్నాడు.

'జన్మలో' అన్న ఆ మాట కోటేశ్వరికి గుచ్చుకుంది. అందరూ వెళ్ళాక మస్తాన్‌వలీ గారి దగ్గరికొచ్చింది.

"మస్తాన్ గారూ, ఇట్టా అరవడానికి బండికి ఎన్ని రోగాలుంటాయండీ?"

"ఎన్నో ఉండవమ్మా. కాలికింది చాప పెడలు మీదికెక్కినా అరుస్తది. క్లచ్చి జారినా అరుస్తది. ఎక్కడన్నా గాలి దూరుతున్నా అరుస్తది. పెడలు నుంచి ఇంజనుకు పోయే తీగ వెనక్కి రాకపోయినా అరుస్తది."

"చాప నేను తీసి చూశానండీ, కాదు. క్లచ్చి జారితే నడిచేటప్పుడే కదా, ఇది నిలబడి కూడా అరుస్తోంది."

మస్తాన్‌వలీ గారు ఆమెను కొంచెం కొత్తగా చూశారు. "మిగిలినయ్యి రెండు" అంటూ బానెట్ ఎత్తి, వెనక్కి తిరిగి నిలబడి బీడీ వెలిగించుకున్నారు. అంటే, నేను చూపించలేదు, నువ్వే చూశావు అని.

కోటేశ్వరి లోపలికి తొంగి చూసింది. నలుపు, జిడ్డు, గొట్టాలు. వాటి మధ్య ఒకచోట పసుపురంగు మెరిసింది. పెడలు నుంచి వచ్చే తీగ చివర చిన్న చక్రంలాంటిది ఉంది. ఆ చక్రాన్నీ పక్కనున్న గొట్టాన్నీ కలిపి ఒక లావుపాటి పసుపుదారం మూడు చుట్లు చుట్టి ముడేసి ఉంది. ముడిలో పసుపు కొమ్ము. చక్రం వెనక్కి రావాలని చూస్తోంది, దారం రానివ్వడం లేదు.

ఆమెకు అంతా కళ్ళకు కట్టింది. దసరా ఆయుధపూజ రోజు బండికి దండేసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చక్రధరరావు గారు పట్టుపంచె కట్టుకుని బానెట్ ఎత్తించి, "ఇందులో ముఖ్యమైనది ఏది?" అని అడిగి, ఎవరూ చెప్పకముందే చేతికందిన దానికి స్వహస్తాలతో రక్ష కట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. కోటేశ్వరి కూడా కొట్టింది.

"పిల్ల ఏడుస్తుంటే పిన్నీసు గుచ్చుకుందేమో చూడాలి గానీ, ఎత్తుకున్నోళ్ళ చేతులు తూస్తారా ఎవరన్నా?" అంది తనలో తనే. "మస్తాన్ గారూ, కత్తెరుందా?"

"ఉంది. ఇవ్వను." పొగ వదిలారాయన. "ఆ దారం కట్టిందెవరో చూశావుగా. దాన్ని కోసినోడి పేరు మస్తాన్‌వలీ అని బయటికొస్తే నా రెండేళ్ళ సర్వీసు రెండు నిమిషాలవుద్ది. నువ్వు కోస్తే నీ కాలికి తోడు చేతిమీద కూడా సంఘమేస్తారు."

కోటేశ్వరి ధైర్యం చేసి నేరుగా సంచాలకుల గదికే వెళ్ళింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ఇంజనులో పసుపుదారం..."

"కట్టిందెవరు?"

"మీరే సార్."

"ఎందుకు కట్టాను?"

"బండికేం కాకూడదని సార్."

"ఏమన్నా అయిందా?"

"అరుస్తోంది సార్."

"అరవడం వేరు, కావడం వేరు. కుండీ పోయింది, బండికి గీత పడిందా? లేదు. అంటే రక్ష పనిచేస్తోంది. రక్ష వల్లే హాని అని నేను ఫైల్లో ఎలా రాయను? పైగా ఆచారం కూడా తెలుసుకోవాలమ్మా. రక్ష అన్నది ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. అదీ మరో శుభకార్యానికైతేనే. ఊరికే విప్పరు. వెళ్ళు, కాలు సంగతి చూసుకో."

కోటేశ్వరి బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంది. కుడికాలు చెప్పులో పెట్టబోయి ఒక్క క్షణం ఆగింది. ఆడవాళ్ళ మెట్టెలు తీయించడానికి ఒక్క కాగితం చాలింది. నూలుపోగు తీయడానికి మాత్రం శుభకార్యం కావాలట. శుభకార్యం కావాలంటే, ఎవరో ఒకరు పెట్టుకోవాలి మరి.

ఇరవై ఎనిమిదో తారీఖు వచ్చింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు నల్లకళ్ళజోడుతో వచ్చి, ఎనిమిది అంకెలా గీసిన ముగ్గు పక్కన కుర్చీలో కూర్చున్నారు. గీత వెంబడి ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టారు. గొట్టాన్ని తాకితే ఫెయిలు.

మొదట వెళ్ళినామె బండి గెంతి మూడు గొట్టాలు పడగొట్టింది. రెండో ఆమె నాలుగు. ఎస్తేరు అన్నీ తప్పించి చివరి గొట్టాన్ని మాత్రం కొట్టి, దిగి దాన్ని మళ్ళీ నిలబెట్టి, "ఇప్పుడు నిలబడేవుందిగా సార్" అంది. ఒప్పుకోలేదు.

"ఏమయ్యా, వీళ్ళందరూ ఇంత వేగంగా తొక్కుతారేంటి?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"పాద దోషం సార్. నివేదిక సిద్ధమవుతోంది" అన్నారు చక్రధరరావు గారు. "ఇప్పుడు రాబోయే కాలు మరీ ప్రమాదకరమైనది. ఎర్ర గీత. దీన్ని అనర్హంగా ప్రకటించి తమ సమక్షంలోనే ముగిద్దామని..."

షెడ్డు నీడలో ఆదెమ్మ ఒళ్ళో లాస్య చెయ్యి నోట్లో పెట్టుకుని చూస్తోంది. కోటేశ్వరి ముందుకొచ్చి, చక్రధరరావు గారికి నమస్కారం పెట్టింది.

"సార్, నా కాలిదే తప్పని ఒప్పుకుంటున్నాను."

పక్కన బండి అరుస్తూనే ఉంది. చక్రధరరావు గారి ముఖం వికసించింది. ఇన్ని రోజుల విచారణలో దోషి ఒప్పుకోవడం ఇదే మొదలు.

"మరి దోషం కాలిదైనప్పుడు, రక్ష కూడా కాలికే ఉండాలి కదా సార్? ఆరోగ్యంగా ఉన్న బండికి కట్టి, రోగమున్న కాలిని వదిలేస్తే ఎట్టా సార్? మీ చేత్తో నా కాలికి కట్టండి. ఆడవాళ్ళ కాలికి పసుపు శుభమే కదా."

చక్రధరరావు గారు ఆలోచించారు. తన నివేదికకు ఇది ఎక్కడ అడ్డమో వెతికారు. ఎక్కడా లేదు. వాక్యం వాక్యానికీ అతుకుతోంది.

"సరే, కడదాం. గుమాస్తా, పసుపుదారం తెప్పించు."

"కొత్తదెందుకు సార్? అది పూజలో పెట్టింది కాదు. బండికేం కాకుండా ఇన్నాళ్ళు కాపాడిన దారం ఉందిగా, మహిమ గలది. అదే కట్టండి. కట్టినవాళ్ళే విప్పాలన్నారు, మీరిక్కడే ఉన్నారు. శుభకార్యానికే విప్పాలన్నారు, ఇంతకన్నా శుభకార్యం ఏముంది సార్?"

మస్తాన్‌వలీ గారు అప్పటికే బానెట్ ఎత్తి పట్టుకున్నారు. "ఇంజను ఆపమంటారా సార్?" అన్నారు ఎంతో వినయంగా.

"శుభకార్యంలో వాయిద్యం ఆపి ముడి విప్పకూడదండీ" అంది కోటేశ్వరి.

చక్రధరరావు గారు చొక్కా చేతులు మడిచి, ఫ్యాను వైపు చెయ్యి పోకుండా మస్తాన్‌వలీ గారు చూపించిన పక్కనుంచి వంగి, ముడి పట్టుకున్నారు. జిడ్డు పట్టిన ముడి. ఒక చుట్టు వచ్చింది. రెండో చుట్టు వచ్చింది. మూడో చుట్టు ఊడగానే చిన్న చక్రం టక్కున వెనక్కి తిరిగింది.

బండి అరుపు మానేసింది. ఏడ్చి ఏడ్చి ఒళ్ళో పడుకున్న పిల్లలా సన్నగా గుర్రు పెట్టసాగింది. ఇరవై అయిదు రోజుల తర్వాత ఆ ఆవరణలో మొదటిసారి కాకి అరుపు వినిపించింది.

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తీశారు. బానెట్ వైపు చూశారు, దారం వైపు చూశారు, మస్తాన్‌వలీ గారి వైపు చూశారు. మస్తాన్‌వలీ గారు ఆకాశం వైపు చూస్తున్నారు.

చక్రధరరావు గారికి మాత్రం ఏ సందేహమూ కలగలేదు. జిడ్డు చేతిలో దారాన్ని పైకెత్తి, "చూశారా! రక్ష పాదానికి కడదామని సంకల్పించామో లేదో, దోషం దిగిపోయింది!" అన్నారు.

తర్వాత, ప్రారంభోత్సవాల్లో రిబ్బను కత్తిరించేటప్పుడు తప్ప వంగని ఆ నడుము ముందుకు వంగింది. ఆయన మట్టిలో మోకాలు ఆనించి, కోటేశ్వరి కుడికాలి చీలమండ పైన ఆ పసుపుదారాన్ని మూడు చుట్లు చుట్టి ముడేశారు. గుమాస్తా ఫోటో తీశాడు. మెట్టెల దగ్గర ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ రోజు కోటేశ్వరి వాటిని తీయలేదు. ఆయనేమీ అనలేదు. వంగి ఉన్న మనిషి ఉత్తర్వులు ఇవ్వడం కష్టం.

కోటేశ్వరి బండెక్కింది. క్లచ్చి నెమ్మదిగా వదిలింది. బండి గెంతలేదు, నడిచింది. ఎనిమిది అంకె మొత్తం చుట్టి, ఒక్క గొట్టమూ కదలకుండా మొదలుపెట్టిన చోటే ఆగింది.

"పాస్" అన్నారు ఇన్‌స్పెక్టరు. కాస్త ఆగి, "ముందు ఫెయిలైన ముగ్గుర్నీ కూడా మళ్ళీ ఎక్కించండి" అన్నారు.

ఎస్తేరు ఎక్కుతూ ఎక్కుతూ, "సార్, నాకు కాలికి దారం లేదు, ప్రార్థన చేసుకుని ఎక్కొచ్చా?" అని అడిగింది.

పదిమందీ పాసయ్యారు.

వారం తిరక్కుండా సంఘం తుది నివేదిక వచ్చింది. "సదరు అరుపు సదరు దారముతో పాటు ఇంజనును విడిచి, తాను పుట్టిన పాదమునకే తిరిగి చేరి, అచ్చట శాంతించినట్లు ప్రత్యక్షముగా నిరూపితమైనది. కావున ఇకమీదట రక్షలు శిక్షణార్థుల పాదములకే కట్టవలెను. ఇంజనునందు ఎట్టి దారమునూ ఎవ్వరునూ కట్టరాదు." నివేదిక అట్ట మీద ఫోటో వేశారు. అందులో వంగినవారి ముఖం కనపడలేదు. కాలు మాత్రం మెట్టెలతో సహా స్పష్టంగా వచ్చింది.

చివరి వాక్యాన్ని మస్తాన్‌వలీ గారు రెండుసార్లు చదువుకున్నారు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను తు.చ. తప్పకుండా పాటించబోయే ఉత్తర్వు ఇదొక్కటేనమ్మా" అన్నారు.

సోమవారం పొద్దున కోటేశ్వరికి టీకాల బండి అప్పగించారు. గేటు దగ్గర ఆదెమ్మ పిల్లనెత్తుకుని నిలబడింది. కోటేశ్వరి తాళం తిప్పి, కాలు పెడలు మీద పెట్టకుండా, అలవాటు కొద్దీ తల పక్కకు వంచి విన్నది. సన్నటి గుర్రు. ఎక్కడా పిన్నీసు లేదు. అయినా ఒకసారి దిగి, బానెట్ ఎత్తి, లోపల పసుపురంగు ఏమీ లేదని చూసుకుని, మళ్ళీ ఎక్కి, గేరు వేసింది.